అత్త ఉంటల్లో నేను కనిపెట్టిన విషం

అప్పుడప్పుడూ మనిషికి తాను చాలా తెలివైనవాడినని అనిపిస్తుంది. అది జ్వరంలాంటిది, వచ్చినట్టే పోతుంది. నాకు ఒక ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రానికి దిగిపోయింది. ఆ మధ్యలో ఒక పెళ్లివారి పలహారాన్నీ, మా అత్త పరువునూ, మా మామ మధ్యాహ్నపు నిద్రనూ ఒకే గోతిలో పూడ్చేయబోయాను. ఇదంతా చిటికెనవేలంత గాజుసీసాలతో. మా మేడం కాస్త పెద్ద సీసాలు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అప్పట్లో నేను హిందూపురంలో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్నాను. 'చేస్తున్నాను' అన్నది మా ఇంట్లోవాళ్ల మాట. 'తిరుగుతున్నాడు' అన్నది మా మేడం మాట. రెండువేల దశకం సగం దాటిన రోజులవి. జేబులో సెల్‌ఫోన్ ఉన్నవాడు దొర, అందులో బ్యాలెన్స్ కూడా ఉన్నవాడు చక్రవర్తి. నేను దొరను మాత్రమే.

మా పని ఏమిటో చెబుతాను, భయపడకండి, చివర పరీక్ష లేదు. వెంట్రుక మందంలో పదివేల వంతు ఉండే కణాలు మావి. ఊదారంగు లైటు వేస్తే పచ్చగా వెలుగుతాయి. అయితే వాటిని ఊరికే వదిలేస్తే పెళ్లిలో బావమరుదుల్లా గుంపుగా ఒకచోట చేరి, ఏ పనికీ రాకుండా అడుగున కూర్చుంటాయి. అందుకని ఒక్కో కణానికీ పాలిమర్ చొక్కా తొడుగుతాం. మాది ధర్మవరం, మా నాయన పట్టుదారానికి రంగులు వేస్తాడు కాబట్టి నాకు అర్థమైనట్టు చెప్పాలంటే, పట్టుపురుగు తన దారానికి జిగురు పూసి పంపిస్తుందే, అలాంటి పూత.

ఆ చొక్కాకు ఒక ఎర్రరంగును తగిలిస్తాం. తమాషా అంతా ఇక్కడే. పచ్చకణం తన వెలుగును తాను చూపించుకోకుండా పక్కనున్న ఎర్రదానికి ఇచ్చేస్తుంది. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరగా ఉంటే చాలు. పక్కింట్లో కోడికూర ఉడుకుతుంటే మనం గోడకు ఆనుకుని ఉత్త సంగటి తినేస్తామే, అలా. కూర వాళ్లది, రుచి మనది. నాలుగు గజాలు జరిగి కూర్చుంటే అదే సంగటి గొంతు దిగదు. శాస్త్రంలో దీన్ని శక్తి బదిలీ అంటారు. మా వీధిలో దీనికి వేరే పేరుంది, అచ్చువేయడానికి పనికిరాదు.

ఇక వేరుశనగ సంగతి. కాయలకు తేమ తగిలి బూజు పడితే అందులో ఒక విషం పుడుతుంది. ఆ విషం మా సీసాలోకి వస్తే ఎర్రదాన్ని పక్కకు తోసి ఆ చోట తాను కూర్చుంటుంది. ఎర్రది గోడకు దూరమవుతుంది, కోడికూర వాసన ఆగిపోతుంది, పచ్చకణం తన పచ్చదనం తానే చూపిస్తుంది. అంటే ఎరుపు కనబడితే తినొచ్చు, పచ్చ కనబడితే పారేయాలి. రైలు సిగ్నలుకు తలకిందులు. ఇది గుర్తుపెట్టుకున్నారంటే మీరు కూడా నాలాగే పరిశోధకులైపోయినట్టే.

ఒక శనివారం మేడం సీసాల పెట్టెనూ, కణాలున్న బుడ్డినీ నా చేతిలో పెట్టింది.

"ల్యాబులో ఎన్ని దినాలు చేస్తావప్పా? ఇంట్లో తినే కాయల్ని చూసి రా. సోమవారం నాకు ఏదో ఒకటి చూపించల్ల."

"సరే మేడం."

"సీసాలు శుభ్రంగుండల్ల. మొదట ఖాళీ సీసా చూడు, మళ్ల కాయల్ని చూడు."

మొదటి మాట శ్రద్ధగా విన్నాను. రెండో మాట విని లోలోపల నవ్వుకున్నాను. ఖాళీ సీసాలో ఏముంటుంది? ఏమీ ఉండదు. ఏమీ లేనిదాన్ని లైటు కింద పెట్టి చూడటానికి ఇంత చదువు ఎందుకు?

ఆ సాయంత్రం ధర్మవరంలో ఇంటికి వెళ్లేసరికి నాయన కొట్టంలో గంగాళం ముందు నిలబడి పట్టు ఉడకేస్తున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పచ్చిపట్టు గరుకుగా, కళ లేకుండా ఉంటుంది. సబ్బూ సోడా కలిపిన నీళ్లలో ఉడికిస్తే పురుగు పూసిన జిగురంతా కరిగిపోయి లోపలి మెరుపు బయటికి వస్తుంది. రంగు ఆ తర్వాతే. మా ఇంట్లో పుట్టినవాడికి లోకంలో అన్నిటికంటే శుభ్రమైన వస్తువు గంగ కాదు, గంగాళం.

"ఏందప్పా అది?" అన్నాడు నాయన.

"సీసాలు నాయనా. మచ్చ ఉండకూడదంట."

"ఈడ వెయ్. పట్టు జిగురే నిలవదు, నీ సీసాల మచ్చ ఎంత?"

వేశాను. తీస్తే తళతళలాడుతున్నాయి. అమ్మ దగ్గరికి వెళ్లి జాడించడానికి నీళ్లు అడిగాను. కొళాయి వచ్చి చాలా రోజులైంది. అమ్మ ఒక చెంబు ఇచ్చి, "ఇంతే. ఇంగ అడగద్దు" అంది. ఆ చెంబు నీళ్లనే గుడిలో తీర్థం పంచినట్టు సీసాకు కాసిన్ని పోసి, ఆడించి, బోర్లించేశాను.

ఊదారంగు లైటు ఒకటి కావాలి. ల్యాబులోది గోడకు బిగించింది, పీకి తేలేను. అందుకని వీధి చివర చీరల కొట్లో దొంగనోట్లు పట్టే లైటు అడిగాను.

"నీకేంటికప్పా ఇది?" అన్నాడు కొట్టాయన. "యాడన్నా నోట్లు అచ్చేస్తాండావా?"

"లేదన్నా. శెనక్కాయలు చూసేదానికి."

"శెనక్కాయల్లో గూడా దొంగవి వస్తాండాయా?" అని దిగులుగా లైటు ఊడదీసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగాను. అక్కడ మా అమ్మ తమ్ముడు, అంటే మామ, వాళ్లావిడ అత్త, వాళ్లతోపాటు మా అవ్వ ఉంటారు. మామ మంచివాడు, మంచం మీద ఉన్నంతసేపు. అత్త కొత్తగా వేరుశనగ ఉంటలు, అంటే ఉండలు, చేసి అమ్మడం మొదలుపెట్టింది. వేయించిన గింజలు, బెల్లం, ఏలకులు, అంతే సంగతి, కానీ తిన్నవాడు ఒకదానితో ఆగడు. ఆ వారమే ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట్లో పెళ్లికి ఉంటలు చేసివ్వమని అడిగారు. అత్త చేతికి వచ్చిన మొదటి పెద్ద పిలుపు అది. ఇది బాగుంటే ఆ వ్యాపారుల వీధి వీధంతా అత్తనే పిలుస్తుంది. చెడిపోతే, "ఇంట్లో వంట చేసుకునేది మాని ఏంటికొచ్చె నీకీ తిప్పలు" అనడానికి పెనుకొండలో జనం కాచుకుని ఉన్నారు. ఆ సాయంత్రం ప్యాసింజరులో డబ్బాలు ధర్మవరం చేరాలి.

నేను వెళ్లేసరికి అత్త, పక్కింటి మేరమ్మ ఉంటలు చుడుతున్నారు. మేరమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర మీదే కొంగు బిగించి కూర్చుంది.

"ఏమప్పా సీనా, ఖాళీ చేతుల్తో వస్తివా?" అంది అత్త.

"ఖాళీ సీసాలతో వచ్చినాలే అత్తా" అని పళ్లెంలోంచి ఒక ఉంట తీసుకున్నాను. మాట్లాడుతూ ఇంకొకటి. వినిపించుకుంటూ మరొకటి. అప్పుడు నాకు ఆ పాడు ఆలోచన వచ్చింది.

"అత్తా, ఈ కాయల్నే పరీక్ష చేస్తా. మంచివని మా మేడంతో చెప్పిస్తా. డబ్బా మీద రాసుకోవచ్చు."

"ఏం రాసుకునేది?"

"శాస్త్రీయంగా పరీక్షించినవి అని."

అత్త ముఖం వెలిగింది. గమనించండి, ఆ రోజు నిజంగా వెలిగినది అదొక్కటే.

గింజలు దంచి, స్పిరిట్లో నానబెట్టి, వడగట్టి, ఆ చుక్కలను కణాలు పోసిన సీసాలో వేశాను. సామాన్ల గది కిటికీకి గోనెసంచి కట్టి చీకటి చేశాను. అందరూ లోపలికి వచ్చారు. లైటు వేయగానే మామ పంచె, మేరమ్మ చీర గుప్పున తెల్లగా వెలిగాయి. బట్టలకు వేసే తెల్లపొడి మహిమ అది, విషం కాదు.

"అమ్మా, ఏందే మీ ఆయప్ప దయ్యం మాదిరుండాడు" అంది అవ్వ.

"ఎప్పుడూ అట్లనే ఉంటాడత్తా. నువ్వు ఇప్పుడు చూస్తాండావు, అంతే" అంది అత్త.

సీసాను లైటు కిందికి జరిపాను. పచ్చ. మామూలు పచ్చ కాదు, వానకు తడిసిన వరిమడి పచ్చ.

"పచ్చ" అన్నాను. నా గొంతు నాకే జడ్జి గొంతులా వినిపించింది.

"మంచిదే గదరా. పైరు పచ్చగానే ఉండల్ల" అంది అవ్వ.

"ఇది పైరు కాదవ్వా. విషం."

అత్త కాయల మూటలో ఇంకో మూల నుంచి గింజలు తీసి చూశాను. పచ్చ. చుట్టిన ఉంటనే నలిపి చూశాను. పచ్చ. మా చదువులో ఒకసారి వస్తే అనుమానం, రెండుసార్లు వస్తే నిజం, మూడోసారి వస్తే పేరుప్రతిష్ఠలు. నిజం చెబుతున్నాను, ఆ చీకట్లో నేను చిరునవ్వు నవ్వాను.

"తింటే ఏమైతాది?" అంది అత్త మెల్లగా.

"ఇప్పుడే ఏం కాదత్తా. ఏండ్ల తరబడి తింటాంటే కాలేయం చెడిపోతాది."

"అంటే పెండ్లికొచ్చినోళ్లు అన్నం తిని, ఊరికి పోయి, మనవళ్లను ఎత్తుకున్నాక గదా" అన్నాడు మామ. "దానికి ఇప్పటి నుంచే ఏంటికి దిగులు?"

అత్త నవ్వలేదు. "తెలిసి ఎట్ల పెడతా? సీనా చదువుకున్నోడు, ఊరికే చెప్తాడా?" అని చేతికంటుకున్న బెల్లాన్ని గిన్నె అంచుకు తుడిచేసి లేచింది. "నువ్వు పో, పెరట్లో గొయ్యి తవ్వు. ఇవి ఎవురి నోట్లోనూ పడకూడదు."

మామ గునపం తీసుకుని, ఆదివారం మధ్యాహ్నం పని చెప్పినవాళ్లను చూసే చూపు నావైపు చూసి పెరట్లోకి వెళ్లాడు.

"అవునబ్బా" అంది మేరమ్మ. "పొద్దుననుంచి పళ్లెం సగం నువ్వే ఖాళీ చేస్తివి గదా?"

అంతసేపూ నాకు ఆ సంగతి తట్టలేదు. కాలేయం ఏ పక్కన ఉంటుందో గుర్తుకు రాలేదు. జాగ్రత్తకని రెండు పక్కలా పట్టుకున్నాను.

"మజ్జిగ తాగు, సర్దుకుంటాది" అంది అవ్వ. విషం విరుగుడుకైనా, పరీక్ష తప్పినా అవ్వ దగ్గర మందు అదొక్కటే.

"పెండ్లోళ్లకు నువ్వే ఫోన్ చేసి చెప్పు సీనా" అంది అత్త. "నాకు నోరు రాదు." ఆ మాట అంటూ ఆమె నావైపు కాదు, అంచుదాకా నింపిన డబ్బావైపు చూసింది.

వీధి మలుపులో కిరాణా కొట్టు ముందు ఎర్రటి కాయిన్ బాక్స్ ఫోన్ ఉంది. అయితే నేను మొదట చేసింది పెళ్లివారికి కాదు. గెలిచినవాడు ముందు గురువుకు చెప్పాలి కదా. మేడానికి చేశాను. నా అహంకారం నన్ను కాపాడింది ఆ ఒక్కసారే.

"మేడం, మన కణాలు పని చేస్తాండాయి. పెనుకొండలో విషం దొరికింది."

"ఊరంతానా?"

"ఒక మూట, మేడం."

"ఎంత పచ్చగుండాది?"

"దీపావళి మాదిరి, మేడం. ఎరుపు చుక్క గూడా లేదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. ఆనందంతో లేచి నిలబడిందనుకున్నాను.

"చుక్క గూడా లేదా? అంత విషముంటే ఆ కాయలు బూజు పట్టి నల్లగా మురిగిపోయుంటాయి. కాయలెట్లుండాయి?"

"బాగుండాయి మేడం. నేను గూడా తిన్నా."

"ఖాళీ సీసా చూసినావా?"

అక్కడ ఫోన్ తెగిపోయింది. నాణెం అయిపోయిందో, మేడం ఓపిక అయిపోయిందో ఇప్పటికీ తెలియదు.

వెనక్కి నడిచాను. తర్వాత కొంచెం వేగంగా నడిచాను. చివరికి చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తాను. సామాన్ల గదిలోకి దూరి ఒక సీసాలో కణాలు, ఉత్త స్పిరిట్ మాత్రం వేసి లైటు కింద పెట్టాను. గింజ లేదు, పొట్టు లేదు, ఏమీ లేదు.

పచ్చ.

ఏమీ లేనిదాంట్లో విషం కనిపెట్టిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను. కాదని ఎవరైనా అంటే వాళ్ల కథ కూడా వినాలని ఉంది.

తలుపు దగ్గర ముగ్గురు ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. "ఏమప్పా?" అంది అత్త. నేను బిందెలో నీళ్లు చూశాను. పచ్చ. అవ్వ ఇచ్చిన మజ్జిగ తేట చూశాను. పచ్చ. మేరమ్మ తాగుతున్న కాఫీ చుక్క వేశాను. అదీ పచ్చే.

"అట్లయితే మనమందరం ఎప్పుడో సచ్చిపోయుండల్ల గదరా" అంది అవ్వ.

"మీ మామ పోయినాడేమో చూసి రాండి. పెరట్లో చప్పుడు లేదు" అంది మేరమ్మ.

నేను సీసాను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంటి వాసన వచ్చింది. నాయన గంగాళం వాసన, సబ్బూ సోడా.

అప్పుడు అర్థమైంది. ఒక చెంబు నీళ్లకు వదిలే సబ్బు కాదది. సీసా గోడలకు అంటుకుని కూర్చుంది. పట్టు మీది జిగురును ఊడదీసినట్టే నా కణాల పాలిమర్ చొక్కాలను ఊడదీసింది. చొక్కా పోతే దానికి తగిలించిన ఎర్రరంగూ పోతుంది. ఎర్రరంగు పోతే పచ్చ మిగులుతుంది. నాయన రోజూ పట్టుకు చేసే పనిని నేను నెలల తరబడి తయారుచేసిన కణాలకు ఒక్క సాయంత్రంలో చేసి, దానికి విషమని పేరు పెట్టాను. జాడించడానికి నీళ్లు లేనప్పుడు సీసా కడగనేల, కడిగి అత్త నోట్లో మట్టి కొట్టనేల?

"అత్తా" అన్నాను, "గొయ్యి ఎంతదాకా వచ్చింది?"

అందరం పెరట్లోకి పరుగెత్తాం. మామ వేపచెట్టు నీడలో గునపాన్ని పక్కన పడుకోబెట్టి, దాని పక్కన తానూ పడుకుని ఉన్నాడు. గోతిలో ఒక కోడిపెట్ట కూర్చుని ఉంది. దానికి కూడా ఇరుగ్గా ఉన్నట్టు అనిపించింది.

"ఇంతేనా తవ్వింది?" అంది అత్త.

"నేల గట్టిగుండాది" అన్నాడు మామ కళ్లు తెరవకుండా.

"పెండ్లయినప్పటి నుంచి ఒకతూరన్నా నీ సోమరితనం పనికొస్తాదని నేను అనుకోలే" అంది అత్త.

వీధి బోరింగు దగ్గరికి సీసాలన్నీ మోసుకెళ్లాం. మేరమ్మ కొట్టింది, నేను జాడించాను, అవ్వ వాసన చూసింది. అవ్వ ముక్కు ఒప్పుకునేదాకా జాడించాను. ఈసారి బుద్ధిగా ఖాళీ సీసానే మొదట పెట్టాను. ఎరుపు. దానిమ్మగింజ ఎరుపు. పోయిన వానల్లో కారే కొట్టంలో మామ మరిచిపోయిన బూజుకాయలు వెతికి తెచ్చి చూశాను. పచ్చ. ఆ రోజు పెనుకొండలో దొరికిన ఏకైక నిజమైన విషం మామదే.

చివరగా అత్త కాయలు. లైటు వేసేముందు అత్త నా చెయ్యి పట్టుకుంది.

"సీనా, పచ్చొస్తే పచ్చనే చెప్పు. నా మొగం చూసి ఎర్రదనొద్దు."

లైటు వేశాను. ఎరుపు. ఇంకో మూల నుంచి తీసినవి, ఎరుపు. నలిపిన ఉంట, ఎరుపు. అత్త గోనెసంచి పీకేసి, వెలుతురు రానిచ్చి, ముక్కుపుడక సరిచేసుకుని, "మేరమ్మా, రా. బెల్లం గట్టిపడతాది" అంది.

మిగిలిన ఉంటలు నేను కూడా చుట్టాను. నావి కోడిగుడ్ల ఆకారంలో వచ్చాయి. వాటిని అడుగున పెట్టారు. డబ్బాలు చెరొకటి నెత్తిన పెట్టుకుని నేనూ మామా స్టేషనుకు పరుగు, వెనకే అత్త. గేటు దగ్గర తలెత్తి చూస్తే సిగ్నలు. టక్కున ఆగిపోయాను.

"మామా, పచ్చ."

"అది రైలు రా. పదా."

మర్నాడు పెళ్లిలో ఉంటల పళ్లెం చుట్టూ జనం ఈగల్లా ముసిరారు. వ్యాపారి భార్య అత్తను పక్కకు పిలిచి, పెద్దకూతురి సీమంతానికి కూడా నువ్వే చేయల్లమ్మా అని మాట తీసుకుంది. మా నాయన నా సీసాల పెట్టె తెరిచి పక్కనున్నవాళ్లకు చూపిస్తూ, "మా గంగాళంలో కడిగినవే, ఎట్ల మెరుస్తాండాయో చూడండి" అని మురిసిపోయాడు. నేను ఆ మురిపెం చెడగొట్టలేదు. మనిషికి ఒక రోజుకు ఒక నాశనం చాలు.

ఆ మధ్యాహ్నమే హిందూపురం వెళితే, మేడం అంతా విని కళ్లద్దాలు తీసి పెట్టింది. "విషం కనిపెట్టమంటే సబ్బు కనిపెట్టినావు. రాయి, అది గూడా రాయి" అంది. నా థీసిస్‌లో ఇతరులు మెచ్చుకున్న పేజీ ఇప్పటికీ అదొక్కటే.

మా అత్త మాత్రం ఆ రోజు నుంచి నా చదువును ఇంటి పనికి వాడుకుంటోంది. పప్పులో ఉప్పు లేదని మామ అంటే, "ఖాళీ సీసా చూసినావా?" అంటుంది. ఫ్యాను తిరగడం లేదంటే, "ఖాళీ సీసా చూడు." ఆ మధ్య పెళ్లిచూపుల్లో పిల్ల నన్ను వద్దందని నేను దిగులుపడి కూర్చుంటే, భుజం తట్టి, "ఏమప్పా, ఆ యమ్మి చూసింది గూడా ఖాళీ సీసానే గదా" అంది.

కాబట్టి పాఠకులారా, మా నాయన గంగాళం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏమీ లేని సీసాను ముందు చూడకుండా ఇక ఎవరి మూటలోనూ విషం ఉందని అనను. ఒక్క చెంబు నీళ్లతో దేన్నీ జాడించను. గొయ్యి తవ్వాల్సి వస్తే మామకే అప్పజెబుతాను. ప్రమాణానికి ముందు చెయ్యి సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాను. కొళాయి ఈరోజు రాలేదు. అమ్మ ఒక చెంబు ఇచ్చింది.